వారంటీ అక్క

పోయిన నెల మా అమ్మాయి సైకిలుకు వెనక చక్రం ఫ్రీవీలు పోతే, కరీంనగర్‌లో కొత్తగా పెట్టిన ఒక పెద్ద దుకాణంలో మార్పించాను. బిల్లుతో పాటు చిన్న కార్డు ఒకటి ఇచ్చారు. అలవాటు కొద్దీ దాన్ని వెనక్కి తిప్పి, చీమల బారులాంటి ఆ అచ్చును పైనుంచి కింది దాకా చదవసాగాను. కౌంటర్ దగ్గరున్నతను కాసేపు చూసి నవ్వాడు.

"సార్, గది ఎవ్వరు సదువరు."

"నాతోని సదివిపిచ్చిన మనిషి ఒకామె ఉన్నది చెన్నూర్ల" అన్నాను.

బయటికి వచ్చాక ఆమెకు ఫోన్ చేయాలనిపించింది. మాట్లాడి రెండేళ్లు దాటింది. ఎత్తింది ఆమె భర్త. ఆయనను నేను బావా అనేవాణ్ని. ఆయన మాట తక్కువ మనిషి. ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి నేను విన్నవి పట్టుమని పది మాటలు ఉండవు.

"బావా, జర అక్కకియ్యి" అన్నాను.

అవతల ఏదో ఇనుప సామాను కింద పెట్టిన చప్పుడైంది.

"అక్క లేదు తమ్మీ. వానకాలంల పోయింది. జొరమచ్చింది, నాలుగొద్దులల్ల పాయె."

"నాకొక్క మాట చెప్పకపోతివి బావా."

"ఎవలకు చెప్పాల్నో ఆమెకే ఎరుకుండె" అన్నాడు.

రోడ్డు పక్కన సైకిలు పట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

పదిహేనేళ్ల కిందట నేను కరీంనగర్‌లో సైకిలు విడిభాగాలు అమ్మే ఒక హోల్‌సేల్ దుకాణంలో పనిచేసేవాణ్ని. నా పని అమ్మడం కాదు. మా దగ్గర సరుకు తీసుకున్న చిన్న చిన్న షాపులవాళ్లు ఫలానా సామాను గడువు లోపలే పాడైందని కబురు పంపితే, బస్సెక్కి వెళ్లి, ఆ సామాను చూసి, కంపెనీ మార్చి ఇవ్వాలా అక్కర్లేదా అని కాగితం రాయడం. అక్కర్లేదని రాసిన రోజు మా సేటు నాకు చాయ్ తెప్పించేవాడు. మార్చాలని రాసిన రోజు తెప్పించేవాడు కాదు. ఆ తేడా నాకు తొందరగానే అర్థమైంది.

చెన్నూరులో ఆమె దుకాణానికి మొదటిసారి వెళ్లింది కూడా ఒక క్లెయిము కొట్టేయడానికే. బస్టాండు నుంచి నడిస్తే ఐదు నిమిషాలు. ముందు అరుగు మీద బావ చక్రాలు విప్పుకుంటూ ఉండేవాడు. లోపల కౌంటర్ వెనక ఆమె కూర్చునేది. కళ్లజోడు ఒక కాడ విరిగితే దారం కట్టి చెవికి చుట్టుకునేది. ఎవరో తెచ్చిన తుప్పు పట్టిన చైను తిరిగి తీసుకోవడం కుదరదని చెప్పాను. తుప్పుకు వారంటీ లేదని కార్డు మీదే ఉందన్నాను.

"యాడున్నది?" అంది.

చూపించాను. ఇంగ్లీషు అచ్చు.

"నాకు ఏడో తరగతి దాకనే సదువు తమ్మీ, గది సుత తెలుగుల. మొత్తం సదివి చెప్పు. నేను రాసుకుంట."

నిలువు నోటుబుక్కు ఒకటి తెరిచింది. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతుంటే ఆమె రాసుకుంటూ పోయింది. రాసి ఊరుకోలేదు. ప్రతి దానికీ "అంటే?" అని అడిగేది. అరిగిపోయే సామాన్లకు, అంటే టైరు, చైను, బ్రేకు రబ్బర్లలాంటి వాటికి, అరిగినందుకు వారంటీ ఉండదు. తయారీలోనే లోపముంటే ఉంటుంది. గుద్దుకొని వంగినదానికి ఉండదు. బరువు మించి మోసినా, సొంతంగా వెల్డింగ్ పెట్టించినా ఉండదు. తేదీతో, ముద్రతో బిల్లు ఉండాలి. పాడైన సామాను తిరిగి ఇవ్వాలి. బిగించిన కూలీ, దారి ఖర్చు, దెబ్బలు తగిలితే వైద్యం, ఇవేవీ కంపెనీ ఇవ్వదు. అన్నీ అయ్యేసరికి నా బస్సు వెళ్లిపోయింది. ఆమె లోపలికి వెళ్లి సర్వపిండి తెచ్చిపెట్టింది. తుప్పు చైను ఆయనను తనే పిలిచి, "గిది నడువదే. నీ చైను వాకిట్ల వానల నానింది" అని చెప్పి పంపించింది.

ఇక ఆ రోజు నుంచి నాకు చెన్నూరు వెళ్లాలంటే భయం పట్టుకుంది. నేను చదివిన మాటలే నాకు అప్పజెప్పేది.

ఎవరైనా వచ్చి "అక్కా, దీనికి గ్యారంటీ ఉన్నదా?" అంటే చాలు, సామాను మళ్లీ అలమారలో పెట్టేసేది. "గ్యారంటీ కాదు, వారంటీ. గ్యారంటీ అంటె చెడిపోదని ఒట్టు పెట్టుడు. గట్ల నేను పెట్టలేను. వారంటీ అంటె చెడిపోతె ఏం చేస్తరో ముందుగాల చెప్పుడు. గది చెప్త, కూసో." కూర్చోబెట్టి నోటుబుక్కు తీసి చదివేది. చదివి తిరిగి చెప్పించుకునేది. పత్తి చేనుకు పోవాలని తొందరపడుతున్నవాణ్ని కూడా వదిలేది కాదు. బిల్లును, కార్డును కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రబ్బరు చుట్టి, "పట్టా పాసుబుక్కు యాడ పెడ్తరో గాడనే పెట్టు. గోడ గూట్లె పెట్టకు, పోరలు పడవలు చేస్తరు" అనేది. అలా ఊళ్లో ఆమెకు వారంటీ అక్క అని పేరు పడిపోయింది. పేరు పెట్టి పిలిస్తే ఎవరని అడిగేవాళ్లు.

జనానికి ఎంత చెప్పినా తలకెక్కని షరతు ఒకటి ఉండేది. డబ్బిచ్చి కొత్తగా కొన్న సామానుకు ఆ బిల్లు తేదీ నుంచి గడువు మొదలవుతుంది. కానీ ఆ సామాను పాడై కంపెనీ ఊరికే ఇంకొకటి ఇస్తే, ఆ రెండోదానికి మళ్లీ మొదటి నుంచి గడువు రాదు. మొదటిదానికి ఎన్ని రోజులు మిగిలాయో అన్నే. కొత్త సామానుకు కొత్త గడువు ఎందుకు లేదని నాతో పోట్లాటకు దిగినవాళ్లు ఎందరో. నేను గంటసేపు చెప్పలేనిది ఆమె ఒక్క నిమిషంలో చెప్పేది.

"మంచిర్యాల పోయే బస్సు నడుమ ఖరాబైతె ఇంకో బస్సుల ఎక్కిస్తరా లేదా?"

"ఎక్కిస్తరు."

"గా బస్సుల కూసున్నంక నిన్ను హైద్రబాద్ దాక తోల్కపోతరా?"

"ఎందుకు తోల్కపోతరు? టికెటు మంచిర్యాల దాకనే గదా."

"గంతే. ఇది సుత గంతే. ఇగ పో."

ఒకసారి నేను అక్కడ ఉండగానే గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఆమె సొంత తమ్ముడు సైకిలు చక్రం రిమ్ము ఒకటి పట్టుకొచ్చాడు. గేటుకు గుద్దిన రిమ్ము, పాపడంలా వంగింది. సెంటు సీసా ఒకటి కౌంటర్ మీద పెట్టి, "సారున్నడు గదా అక్కా, ఒక్క మాట చెప్పు. తయారీల లోపమని రాస్తడు" అన్నాడు. నేను ఆమె కోసం రాయడానికి సిద్ధపడ్డాను కూడా. ఆమె రిమ్మును అటూ ఇటూ తిప్పి, వంపులో అంటుకున్న గేటు రంగును గోటితో గీకి తమ్ముడి ముక్కు ముందు పెట్టింది. "గీ నీలం రంగు సుత కంపెనోళ్లే ఏసిండ్రారా?" అంది. అతను సెంటు సీసా మళ్లీ జేబులో పెట్టుకొని పోయాడు. సాయంత్రం ఆ రిమ్మును సాపు చేసి ఇచ్చింది బావే.

ఇదంతా నవ్వుకొనే సంగతి. నవ్వు రాని సంగతి పాల మల్లయ్యది.

మల్లయ్య గోదారి ఒడ్డున ఒక ఊరి నుంచి పొద్దున్నే చెన్నూరుకు పాలు తెచ్చేవాడు. సైకిలు వెనక క్యారియర్‌కు రెండు క్యాన్లు. ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకొని నిలబెట్టే ఇనుప కాళ్ల జత, పాతబడితే ఆమె దగ్గరే కొత్తది కొని వేయించుకున్నాడు. దానికి ఏడాది వారంటీ. నాలుగు నెలలకే, నడుస్తున్న బండి మీద అది పైన గొట్టం దగ్గర పుటుక్కున విరిగింది. మల్లయ్య ముందుకు పడ్డాడు. మెడ పక్క ఎముక విరిగింది. పాలు రోడ్డు పాలయ్యాయి.

నేను వెళ్లేసరికి విరిగిన ఫోర్కు కౌంటర్ మీద గుడ్డలో చుట్టి ఉంది. నేను చూడకముందే, "బరువు మించింది అక్కా. పాల క్యాన్లు" అన్నాను. బయలుదేరేటప్పుడు సేటు చెప్పి పంపిన మాట అది.

"క్యాన్లు ఎనుక చక్రం మీదుండె. ఇరిగింది ముందటిది" అంది. "గీనె పాత ఫోర్కు గవే క్యాన్లతోని పదకొండేండ్లు నడిచింది. గది సరే. నువ్వు గిది సూడు."

విరిగిన చోటును వెలుతురుకు తిప్పింది. ఫోర్కు కాళ్లు పైగొట్టంతో కలిసే చోట ఇత్తడి కరిగించి పోసి అతికిస్తారు. ఇత్తడి చుట్టూ పారాలి. ఇందులో సగం దాకే పసుపు గీత ఉంది. మిగతా సగంలో వట్టి ఇనుము, దాని మీద పాత తుప్పు. నిన్నగాక మొన్న విరిగినదానికి అంత తుప్పు రాదు. లోపల ఎప్పటి నుంచో అతుకు లేదు.

"అన్ని గిట్లనే ఉంటయేమో" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆమె కౌంటర్ వెనక నుంచి లేచింది. అలమారలోంచి రెండు కొత్త ఫోర్కులు తీసింది. ఒకటి పాత సరుకులోది. ఒకటి మల్లయ్యకు అమ్మిన పెట్టెలోదే. భర్తను పిలిచి, "కొయ్యి" అంది. బావ ఆమె ముఖం చూశాడు. అమ్ముకునే సరుకు. "కొయ్యంటున్న గదా" అంది మళ్లీ. ఆయన హాక్సా బ్లేడుతో రెండింటినీ ఆ అతుకు దగ్గర అడ్డంగా కోశాడు. చాలాసేపు పట్టింది. పాత సరుకులో ఇత్తడి గాజులా చుట్టూ తిరిగి ఉంది. రెండోదానిలో సగమే.

"గీ పెట్టెల మొత్తం డజను" అంది. "ఒకటి మల్లయ్యది. ఒకటి ఇగో కోసినం. రెండు అలమార్లున్నయి. ఇంక ఎనిమిది మంది గీ ఫోర్కుల మీద తిరుగుతున్నరు తమ్మీ. ఎవలెవలో నా బిల్లు బుక్కుల ఉన్నది. అందరియి మార్చాలె."

సరేనని తలూపి బస్సెక్కాను. పెద్దపల్లి దాటేసరికి నా ధైర్యం దిగిపోయింది. ఒక్క ఫోర్కుకే ముఖం మాడ్చే సేటు, డజను ఫోర్కులంటే ఏమంటాడో నాకు తెలుసు. మా అమ్మాయి అప్పుడు పది నెలల పిల్ల. ఆఫీసుకు వెళ్లి, కాగితం మీద 'అధిక బరువు వల్ల విరిగినది, వారంటీ వర్తించదు' అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు చాయ్ వచ్చింది. తాగాను.

ఆ కాగితం నకలు చెన్నూరు చేరినట్టుంది, వారం తిరక్కముందే, ఒక మధ్యాహ్నం ఆమె మా ఆఫీసులోకి వచ్చింది. ఒక్కతే. చంకలో గోనెసంచి. దుకాణం విడిచి ఆమె కరీంనగర్ రావడం నేనెప్పుడూ ఎరగను. నా ఎదురు కుర్చీలో కూర్చొని, చెంగుతో ముఖం తుడుచుకొని, సంచిలోంచి ఆ కోసిన ముక్కలు రెండూ తీసి నా బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఆ తరువాత నోటుబుక్కు తీసింది. తిడుతుందేమోనని చూశాను. గొంతు పెంచలేదు.

"తమ్మీ, నువ్వు సదివిందే నేను రాసుకున్న. ఒక్క మాట సుత ఇడువలే. నిన్న పొద్దుగాల్ల సంది రెండు మాట్ల సదివిన. సూసినోడు సూడనిది రాయొచ్చని యాడ లేదు. నేనేమన్న తప్పిపోయిన్నా? యాడున్నదో జర సూపెట్టు."

నేను నోటుబుక్కును మెల్లగా ఆమె వైపే జరిపాను.

"నన్ను గెలిపియ్యమంటలేను. మల్లయ్యకు ఏమన్న ఇప్పియ్యమంటలేను. నీ కండ్లతోని ఏం సూసినవో గది రాయి. రాసినంక వాళ్లు ఇయ్యమంటె ఇయ్యమననీ. గప్పుడు నేను మా ఊరికి పోత."

లోపలి గదిలోంచి సేటు చూస్తూనే ఉన్నాడు. నేను కొత్త కాగితం తీసుకున్నాను. 'అతుకులో ఇత్తడి సగమే పారింది. అదే పెట్టెలోని మరొక ఫోర్కు కోసి చూడగా అందులోనూ ఇదే లోపం. మొత్తం పెట్టె మార్చవలెను' అని రాశాను. ఆమె ఆ కాగితం నాతోనే పైకి చదివించుకుంది. లేచి, కోసిన ముక్కలు నా బల్ల మీదే వదిలేసి, "గవి కాయితం ఎంబడి పంపు. వట్టి మాట నమ్మరు" అని వెళ్లిపోయింది. నీళ్లు తాగి పొమ్మన్నా ఆగలేదు.

రెండు నెలల తరువాత సేటు నన్ను ఆ పని నుంచి తీసి గోదాములో పెట్టెలు లెక్కపెట్టే పనికి వేశాడు. దానికి నాకు బాధ కలగలేదంటే అబద్ధం. కానీ అంతకు కొద్ది రోజుల ముందే కంపెనీ నుంచి డజను కొత్త ఫోర్కులు దిగాయి. తప్పయిందన్న మాట ఒక్కటీ లేదు; పాత ఫోర్కులన్నీ వెనక్కి రావాలన్న షరతు మాత్రం ఉంది. వాటిని తీసుకొని నేనే చెన్నూరు వెళ్లాను.

మల్లయ్య చేతిని మెడకు కట్టుకొని వచ్చాడు. ఆ స్థితిలో ఉన్నవాణ్ని కూడా కూర్చోబెట్టి, ఈ ఫోర్కుకు ఇక ఆరు నెలలే మిగిలాయని చదివి వినిపించింది.

"మరి నా బొక్క ఇరిగింది గదా అక్కా. దానికి లేదా వారంటీ?" అన్నాడు.

"నీ బొక్కకు మీ అవ్వ ఇచ్చిందే వారంటీ మల్లయ్యా. గీ కాయితంల లేదు" అంది. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

అప్పుడే తెలిసింది. మల్లయ్య పడ్డ మర్నాటి నుంచి పాలు తెస్తున్నది బావ. తెల్లవారుతూనే సైకిలు మీద ఆ ఊరు పోయి, రెండు క్యాన్లు తెచ్చి, ఇంటింటికీ పోసి, అప్పుడు దుకాణం తీస్తున్నాడు. ఇది ఏ షరతు కింద వస్తుందని అడిగాను ఆమెను.

"షరతేంది? పాలు ఇరిగిపోవా?" అంది.

ఎనిమిది మందిలో ఏడుగురి ఫోర్కులు పది రోజుల్లో మారాయి. వాళ్లలో ఒకతను నా బండి మంచిగనే ఉంది ముట్టుకోవద్దన్నాడు. ఆమె అతని ఇంటి ముందు కూర్చొని, మల్లయ్య ఎలా పడ్డాడో చెప్పి, ఒప్పించి మార్పించింది. మిగిలింది ఒక్కటి. కొన్నది ఒక అంగన్‌వాడీ టీచరు. ఆమె సెలవు పెట్టి పుట్టింటికి వెళ్లింది. పుట్టిల్లు పెద్దపల్లి దగ్గర ఒక పల్లె అని మాత్రం ఎవరో చెప్పారు. సైకిలు కూడా అక్కడికే చేరిందట. నేను పోయి మార్పించి వస్తానని ఎంత చెప్పినా అక్క వినలేదు. భర్తను, పానాల సంచిని, కాగితాల్లో చుట్టిన ఫోర్కును వెంటబెట్టుకొని పెద్దపల్లి బస్టాండులో దిగింది. నేను కరీంనగర్ నుంచి వచ్చి అక్కడ కలిశాను. ఆటోలో మేము ముగ్గురం ఊళ్లు అడుగుతూ తిరిగాము. ఒకచోట ఆటోవాడు చాయ్ తాగుదామంటే, "వచ్చేటప్పుడు తాగుదువు గని, నడువు" అంది.

మూడో ఊళ్లో ఇల్లు దొరికింది. వాకిట్లో వడ్లు ఎండబోశారు. గోడకు సైకిలు ఆనించి ఉంది. టీచరు నెల తిరగని బిడ్డను ఎత్తుకొని బయటికి వచ్చి, మమ్మల్ని చూసి కంగారుపడింది. "ఏమైందక్కా? గింత దూరం వచ్చిండ్రు?"

"ఏం కాలేదు బిడ్డా. ఫికర్ చెయ్యకు. నీ ఫోర్కు మార్చిపోతం, గంతే."

బావ చక్రం విప్పి, పాతది దించి, కొత్తది బిగించాడు. అర్ధగంట పని. నాకు ఒక ఆలోచన వచ్చింది. పాతదాన్ని అక్కడే కోసి చూద్దామన్నాను. బావ అరుగు అంచున పెట్టి కోశాడు. ముక్క ఊడి కింద పడింది. నేను తీసి చూశాను. ఇత్తడి చుట్టూ నిండుగా ఉంది. ఎక్కడా తెగలేదు.

"మంచిదే ఉన్నది గదా అక్కా" అన్నాను. "ఉత్తగ వచ్చినం. బంగారమసొంటి ఫోర్కు కోసినం."

ఆమె నా చేతిలోంచి ఆ ముక్క తీసుకుంది. ఎండకు తిప్పి, వేలితో ఆ పసుపు గీత వెంట ఒక చుట్టు తిరిగింది. మళ్లీ ఇంకో చుట్టు. అప్పుడు చూశాను. దారం కట్టిన కళ్లజోడు వెనక ఆమె కళ్లు నిండి ఉన్నాయి.

"నా తాన గిది కొన్నప్పుడు గీ పిల్ల కడుపుతోని ఉండె, ఐదో నెల, తమ్మీ" అంది. "ఏడు నిండే దాక గీ సైకిలు మీదనే తిరిగిందట. మల్లయ్య పడ్డ కాడికెల్లి నాకు బువ్వ పోతలేదు."

ముక్కను నా చేతిలో పెట్టి, గోలెంలోంచి నీళ్లు ముంచుకొని చేతికంటిన నూనె, ఇనుప రజను కడుక్కుంది. చెంగుతో రెండు చేతులూ పొడిగా తుడుచుకుంది.

"మంచిదే ఉండె" అని మరొకసారి అనుకొని, ఆ పసిబిడ్డ కోసం చేతులు చాచింది.